దేవుని దయ అన్నందుకు నొప్పి లేదన్నారు

ఈ రోజు జగిత్యాల కోర్టులో నా మాటే నాకు అడ్డం వచ్చింది. పోయిన ఏడాది కోరుట్లలో వ్యాను గుద్ది నా కుడిచెయ్యి విరిగింది. అప్పటి నుంచి వేళ్లు ముడుచుకోవు, బీడీలు చుట్టలేను. దవాఖాన ఖర్చు ఇస్తారట కానీ, పడిన బాధకు పరిహారం ఇచ్చేది లేదని ఆ వ్యాను బీమా కంపెనీ అంటోంది.

"అమ్మా, మా మనిషి ఇంటికచ్చినప్పుడు మంచిగనే ఉన్న అన్నరు గదా?" అంటూ వాళ్ల వకీలు నా మాట రాసుకున్న కాగితం చూపించారు.

"దేవుని దయ, మంచిగున్న అన్న సారూ. ఇంటికచ్చినోళ్లతోని గట్లనే అంటరు గదా! దుబాయిల ఉన్న మా ఆయనకు గూడ గట్లనే చెప్తున్న, నొస్తున్నదంటే పని ఇడిచిపెట్టి అస్తడని."

అందరూ నవ్వారు. జడ్జి గారు మాత్రం నవ్వలేదు. "ఇప్పుడు నేనడుగుతున్న. చెయ్యి ఎట్లున్నదమ్మా?"

అలవాటుగా అదే మాట నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"నొస్తున్నది సార్. జడ అల్లుకున్నా నొస్తది."

అది రాయించుకున్నారు. ఎన్ని వాయిదాలు పెట్టినా ఇదే చెబుతాను. దేవుడేమీ అనుకోడు, ఆయనకు ముందే తెలుసు.

మీరూ నాలాగే ఎవరడిగినా మంచిగున్నాననే అంటారా? నిజం చెప్పండి. నేనైతే చెప్పేశాను. ఈ స్టేటస్ దుబాయిలో మా ఆయన కూడా చూస్తారు. చూడనీ.