సలీం పాట మూడో చరణం

దెయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళ మీద నాకు జాలి కూడా కలగదు, చిరాకేస్తుంది. మా తిరువూరులో అలాంటివాళ్ళకి కొదవ లేదు. ఒకడు కల్లం దగ్గర చూస్తాడు, ఇంకొకడు పాడుబడ్డ బావి దగ్గర చూస్తాడు, తెల్లారగానే ఇద్దరూ టీకొట్టు దగ్గర చేరి అందరి బుర్రా తినేస్తారు. నేను మైకుసెట్టు నడిపేవాణ్ణి. బ్యాటరీ ఉంటే మోగుతుంది, లేకపోతే మోగదు. నాకు తెలిసిన లోకం అంతే. ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను అనడం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

డెబ్భైల నాటి మాట. బస్టాండు పక్కన నా షాపు. మా వీధిలో సలీం అని దర్జీ గారి పెద్దకొడుకు ఉండేవాడు. పాతికేళ్ళు దాటినా పని నేర్చుకోలేదు, రేడియోలో ఇంగ్లీషు పాటలు విని పాడైపోయాడు. మెడ మీద పడే జుట్టు, వీధి ఊడ్చే బెల్‌బాటం ప్యాంటు, బెజవాడ నుంచి తెచ్చుకున్న పాత గిటారు. ముగ్గుర్ని పోగేసి బ్యాండు పెట్టాడు. వాళ్ళలో డ్రమ్ములు వాయించే కోటి ఒక్కడే కాస్త చెయ్యి తిరిగినవాడు.

పెళ్ళిలో ఆర్కెస్ట్రా అంటే సినిమా పాటలు పాడాలి. అది తెలియనివాడు సలీం ఒక్కడే. లండన్లో పాట రాసినవాడే వరస కడతాడని, వాడే పాడతాడని, వెనక వాడి బ్యాండే వాయిస్తుందని నాకు పాఠాలు చెప్పేవాడు. లండన్లో చలికి స్నానాలు కూడా చెయ్యరట, అదీ నేర్చుకోరా అనేవాణ్ణి.

వాడి సొంత పాట ఒకటుంది. ప్రేమ లేదు, పువ్వుల్లేవు. విస్సన్నపేట రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాడి గోడు. దానికి తోడు బొంగురు గొంతు. ఆ పాటని ఒక్కసారి, మొదటినుంచి చివరిదాకా, మైకులో పాడాలని వాడి కోరిక. నా మైకుసెట్టు మీద వాళ్ళు పాడిన ప్రతి పెళ్ళిలోనూ ఆరేడు సినిమా పాటలయ్యాక నా వైపు బతిమాలుతున్నట్టు చూసి మొదలుపెట్టేవాడు. రెండో చరణం రాగానే నేను వాడి మైకు కట్టేసి సినిమా రికార్డు వేసేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. మూడో చరణం ఏంట్రా అని కోటి అడిగితే, అక్కడిదాకా మైకు అన్న వెళ్ళనిస్తే కదా రాయడానికి అనేవాడట.

ఎ.కొండూరు పెళ్ళిలో అలాగే కట్టేస్తే, గిటారు కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక్కసారి వదిలెయ్యొచ్చుగా? బాగోకపోతే జనమే లేచిపోతారు."

"జనం లేచిపోయేదాకా నా మైకు అరగదియ్యాలంట్రా?" అన్నాను.

వెళ్ళి గిటారు భుజానికి తగిలించుకున్నాడు. ఆ తర్వాత వాడి బ్యాండు మళ్ళీ ఎక్కడా పాడలేదు. వాడు బెజవాడ వెళ్ళిపోయాడు. గొంతు బాగా పాడైందని, ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాడని విన్నాను. గిటారు ఉన్నవాడికి గొంతెందుకులే అని షాపులో జోకు కూడా వేశాను.

కొన్ని నెలల తర్వాత వినగడపలో ఒక పెళ్ళి. గురువారం. ముహూర్తమై భోజనాలు మొదలయ్యేసరికి పగలు పదకొండు. భోజనాలప్పుడు బ్యాటరీ వైర్లు ఊడదీసి పక్కన పెట్టడం నా అలవాటు. సాయంత్రం ఊరేగింపుకి చార్జి మిగలాలి కదా. ఆ రోజూ ఊడదీసి, విస్తరి ముందు కూర్చున్నాను. పప్పు వడ్డించారు.

పందిరి గుంజకి కట్టిన హారన్ స్పీకర్లో గిటారు మొదలైంది. తర్వాత ఆ బొంగురు గొంతు.

ఎవడో నా సెట్టు మీద చెయ్యి వేశాడనుకుని ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. సెట్టు దగ్గర ఎవరూ లేరు. బ్యాటరీ వైర్లు నేను వదిలినట్టే చాప మీద పడున్నాయి. ఆంప్లిఫయర్ లైటు వెలగడం లేదు, పైన చెయ్యి పెడితే చల్లగా ఉంది. హారన్‌కి వెళ్ళే వైరు కూడా పీకేశాను. పాట ఆగలేదు. రెండో చరణం వచ్చింది. ఎప్పుడూ నేను కట్టేసే చోటు అదే. కట్టెయ్యడానికి నా చేతిలో ఇంకేం మిగల్లేదు. మూడో చరణం మొదలైంది.

"బస్సొచ్చింది, నేనెక్కలేదు, నా సీట్లో నా పాట కూర్చుంది."

అలా నాలుగు పంక్తులు. తర్వాత ఆగిపోయింది. పెళ్ళికూతురి మేనమామ చెయ్యి కడుక్కుని వచ్చి, "ఏంటండీ, భోజనాలప్పుడు ఈ బస్సు గోలేంటండీ? మంచి సినిమా పాటెయ్యండి" అన్నాడు. కాబట్టి విన్నది నేనొక్కణ్ణే కాదు.

శనివారం కోటి షాపుకి వచ్చాడు. గురువారం పొద్దున బెజవాడలో సలీంకి గొంతు ఆపరేషన్ చేశారని, ఇక మాట రాదని చెప్పాడు. ముందురోజు మంచం మీద పాటకి మూడో చరణం రాశాడట. పాడి వినిపించడానికి అప్పటికే గొంతు పెగల్లేదట. జేబులోంచి కాగితం తియ్యబోతుంటే, నేను మొదటి పంక్తి అన్నాను. కోటి చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

గాల్లో రేడియో తరంగాలుంటాయని ఒక తెలివైనవాడు నాకు వివరించబోయాడు. ఏ రేడియో స్టేషను సలీం చేత పాడించిందో చెప్పమంటే లేచి చెప్పులేసుకున్నాడు. తాయెత్తు కట్టుకోమన్న ఇంకొకణ్ణి షాపు మెట్లు దింపేశాను.

రెండు నెలలకి సలీం వచ్చాడు. మెడకి గుడ్డ, సగం మనిషయ్యాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా టేబుల్ మీది కరపత్రం తిరగేసి పెన్సిల్‌తో రాశాడు: "అన్నా, కోటి చెప్పాడు. నా పాట చివరిదాకా నువ్వు విన్నావట. నేను వినలేదు. పాడవా?"

నా గొంతుకీ పాటకీ పడదు. చచ్చేంత సిగ్గేసింది. అయినా పాడాను. మూడో చరణం దగ్గర వాడు కళ్ళు మూసుకుని టేబుల్ మీద వేలితో తాళం వేశాడు. వరస అదేనా అని అడిగాను. తల ఊపాడు. మొదటి రెండు చరణాల వరస కాదు, వాడు ఎవరికీ వినిపించని వరస అది. నా దాకా ఎలా వచ్చిందో ఇన్నేళ్ళయినా నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడేవాణ్ణి చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మళ్ళీ మొదటినుంచి పాడమని వేలు చూపించాడు. మైకుసెట్టు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి నన్ను చూసి పగలబడి నవ్వుతున్నారు. నేను ఆపలేదు.