స్లావుపురం క్యాంపు

నేనొక దేశానికి ప్రధానమంత్రిగా పనిచేశాను. నవ్వకండి. ఆ దేశం ప్రపంచపటంలో లేని మాట నిజమే, పదవి ఒక్క సెమిస్టరుతో ముగిసిన మాటా నిజమే. అయినా పనిచేశాను. నా రాజకీయ సలహాదారు మా మామగారు. విందుల శాఖ మా అత్తగారిది.

అప్పటికి నేను అమెరికాలో క్యారీ అనే ఊరు వచ్చి రెండేళ్ళు దాటింది. మా ఆయన పొద్దున్నే కారేసుకుని ఆఫీసుకి పోయేవాడు. నేను హెచ్-ఫోర్ వీసా మీద ఇంట్లో ఉండేదాన్ని. ఆ వీసా వాళ్ళని కాగితాల్లో డిపెండెంట్ అంటారు. కాలేజీ రోజుల్లో వక్తృత్వ పోటీల్లో మైకు వదలని మనిషిని, ఇక్కడ వారమంతా కలిపి బయటివాళ్ళతో మాట్లాడేది గ్రోసరీ షాపు క్యాషియర్‌తో ఒక థాంక్యూ. ఉద్యోగం చేయకూడదు గానీ చదువుకోవచ్చన్నారు కదా అని దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఒక క్లాసులో చేరాను. కమ్యూనిజం పోయిన తర్వాతి దేశాల రాజకీయాల గురించిన క్లాసు అది. ఆ విషయం మీద నాకేదో ప్రేమ ఉందనుకునేరు. క్లాసు శనివారం మధ్యాహ్నం, మా కారు ఖాళీగా ఉండేది శనివారమే.

పాఠం చెప్పే ప్రొఫెసరమ్మ అలాంటి దేశంలోనే పుట్టింది. ఏ దేశమని అడిగితే, ఇప్పుడది లేదులే అనేది. నిజం దేశాల గురించి చెబితే విద్యార్థులు కొట్టుకుంటున్నారని తనే తూర్పు యూరప్‌లో ఉన్నట్టుగా ఒక స్లావు రిపబ్లిక్‌ను సృష్టించింది. దానికో చరిత్ర, జెండా, పార్లమెంటు, పార్టీలు. క్లాసులో అందరం ఆ పార్లమెంటు సభ్యులం. ఎవరికే పార్టీ అన్నది చీటీలు తీసి తేల్చింది.

ఆ దేశం పేరు నిండా హల్లులే. మామగారు రెండుసార్లు పలకబోయి, "ఎందుకమ్మాయ్ ఈ అవస్థ, స్లావుపురం అందాం" అన్నారు. మా ఇంట్లో అదే ఖాయమైపోయింది.

మామగారు, అత్తగారు అప్పుడే ఆర్నెల్లకని వచ్చారు. మామగారు ప్రకాశం జిల్లాలో ఒకప్పుడు మండలాధ్యక్షుడు. అవిశ్వాస తీర్మానంలో పడిపోయారు. ఆ తర్వాత రాజకీయాల మాటెత్తితే లేచి వెళ్ళిపోతారని మా ఆయన నన్ను ముందే హెచ్చరించాడు. నాతో ఆయన మాట్లాడేవి రెండే మాటలు. భోంచేశావా అమ్మాయ్, వాడింకా రాలేదా. మిగతా రోజంతా కిటికీ దగ్గర కూర్చుని పక్కింటాయన గడ్డి కోసుకోవడం చూసేవారు.

అలాంటి మనిషి, ఒకరోజు నేను భోజనాల బల్ల మీద స్లావుపురం చరిత్ర పరుచుకుని తల పట్టుకుంటే, వెనకొచ్చి నిలబడ్డారు. "ఏవిటమ్మాయ్ అది?" అన్నారు. చెప్పాను.

నలభై ఏళ్ళు ఒకే పార్టీ ఏలింది. ఒక చలికాలం జనం కొవ్వొత్తులు పట్టుకుని రాజధాని కూడలిలో నిలబడితే ప్రభుత్వం కూలింది. కొవ్వొత్తుల వాళ్ళంతా కలిసి ఫోరం అని పెట్టుకుని మొదటి ఎన్నికలు ఊడ్చేశారు. ఏడాది తిరగకుండానే మొదటి కొవ్వొత్తి ఎవరు వెలిగించారన్న దగ్గర తగువొచ్చి మూడు ముక్కలయ్యారు. ఒక ముక్క ఉదారవాదులు, ఒక ముక్క చర్చి వాళ్ళు, మూడోది 'అసలు ఫోరం'.

"ఉన్నవాళ్ళలో చిన్న ముక్కే అసలుది అయుంటది, చూసుకో" అన్నారు మామగారు. చూశాను. నిజమే.

పాత కమ్యూనిస్టులు రాత్రికి రాత్రి బోర్డు మార్చి 'ప్రజాస్వామ్య వామపక్షం' అయ్యారు. జెండాలో ఎరుపు తగ్గించి గులాబీ రంగు చేశారు. పార్టీ ఆఫీసు భవనాలు మాత్రం వదల్లేదు. "బిల్డింగులున్న పార్టీ చావదు" అని మామగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత ఫ్యాక్టరీలను జనానికి పంచుతామని ఇంటింటికీ కూపన్లు ఇచ్చారు. ఒక మాజీ ఫ్యాక్టరీ డైరెక్టరు వోడ్కా సీసాకో కూపన్ చొప్పున అవన్నీ పోగేసి, కోటీశ్వరుడై, 'ముందుకు' అనే పార్టీ పెట్టాడు. ఇవిగాక పెన్షనర్ల పార్టీ ఒకటి, పుట్టగొడుగుల పార్టీ ఒకటి. అడవిలో పుట్టగొడుగులు ఏరుకునే హక్కు తప్ప ఈ చివరిదానికి వేరే సిద్ధాంతం లేదు.

"నీకేదొచ్చింది?"

"రైతు పార్టీ, మామయ్యగారూ. కమ్యూనిస్టులున్నప్పుడు వాళ్ళకి తోక. తర్వాత ఎవరొస్తే వాళ్ళకి తోక. గోడ మీద పిల్లి."

"ఏడవమాక. గోడ మీద పిల్లికి రెండిళ్ళ వంటా తెలుసుద్ది" అన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ఎన్ని కబుర్లు చెప్పారంటే, మా ఆయన అన్నం కలపడం మానేసి తండ్రి ముఖం చూస్తూ ఉండిపోయాడు.

ప్రభుత్వం ఏర్పాటుకు పార్టీలన్నీ బేరాలాడుకుంటున్నాయి. చర్చి వాళ్ళు వామపక్షంతో కూర్చోరు. ఉదారవాదులు చర్చితో కూర్చోరు. 'అసలు ఫోరం' ఎవరితోనూ కూర్చోదు. నేనేం చెయ్యాలని మామగారిని అడిగాను. "ఏమీ అడగమాక. అందరికీ టీ పొయ్యి" అన్నారు. ఫ్లాస్కు నిండా అల్లం టీ తీసుకెళ్ళి పోశాను. మూడో వారానికి తేలిందేమిటంటే, నేను ఎవరికీ మొదటి ఇష్టం కాదు, అందరికీ రెండో ఇష్టం. అలా ప్రధానినయ్యాను. లేచి నాలుగు మాటలు మాట్లాడితే క్లాసంతా చేతులు కట్టుకుని వింది. రెండేళ్ళయింది నా మాట అంతమంది విని. తిరిగొస్తూ కారులో ఒక్కదాన్నే పిచ్చిదానిలా పకపకా నవ్వాను.

ప్రొఫెసరమ్మ మాత్రం నా భుజం తట్టి, ఇన్నేళ్ళలో ఈ క్లాసులో ఏ ప్రభుత్వమూ చివరిరోజు దాకా నిలవలేదనీ, మీదీ పడిపోతుంది, మనసుకు తీసుకోవద్దనీ చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో డిపెండెంట్‌నే, స్లావుపురంలో కూడానా? ఆకాశం ఊడిపడ్డా సరే, చివరి క్లాసు దాటించి తీరాలనుకున్నాను. దాని మీద నాకున్నంత పట్టుదల అప్పట్లో దేని మీదా లేదు.

పడగొట్టడానికి మనిషి తయారయ్యాడు. 'ముందుకు' పార్టీ నాయకుడు, బయట ఇళ్ళు అమ్మే ఏజెంటు, నవ్వితే ముప్పై రెండు పళ్ళూ కనిపించేవి. చివరి క్లాసు రోజుకి నా మీద అవిశ్వాసం పెట్టాడు. నా వాళ్ళకి నోట్సు ఇస్తానని ఒకరికి, రోజూ కారెక్కించుకుంటానని ఒకరికి ఆశలు పెట్టడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చి చెబితే మామగారు కాగితం తీసుకుని ఎవరెటో లెక్క వేశారు. తర్వాత, "క్యాంపు పెట్టాల" అన్నారు.

అప్పుడు చెప్పారు తన సంగతి, మొదటిసారి. అవిశ్వాసానికి ముందు అవతలివాళ్ళు సభ్యులందర్నీ వ్యానెక్కించి తిరుపతి అన్నారట, అక్కడినుంచి బెంగుళూరట. ఆడ సభ్యుల తరఫున మొగుళ్ళు వెళ్ళి హోటల్లో పడి తిన్నారు. ఓటు వెయ్యాల్సిన ఆడవాళ్ళని మాత్రం మీటింగు రోజు పొద్దున జీపుల్లో తెచ్చి కూర్చోబెట్టారు. "నాకు రెండు చేతులు లేచినై. ఒకటి నాదే. రెండోది ఒకామె పొరపాటున ఎత్తింది. జీపు అందలా, బస్సులో వచ్చింది. మొగుడేమో క్యాంపులో ఉన్నాడు. ఎప్పుడెత్తాలో చెప్పేవాళ్ళు లేరు పాపం" అని మామగారు నవ్వారు. మేమూ పడీపడీ నవ్వాం.

చివరి శనివారం పొద్దున క్యాంపు మొదలైంది. రిసార్టు మా ఇల్లే. అత్తగారు తెల్లారకముందే లేచి పెద్ద గిన్నెలో బిర్యానీ ఎక్కించారు. అమెరికన్ పార్లమెంటు సభ్యులు ఒక్కొక్కరే వచ్చి, మన ఇళ్ళ పద్ధతి తెలిసి గుమ్మం దగ్గర బూట్లు విప్పారు. అంతా లోపలికొచ్చాక మామగారు ఆ బూట్లన్నీ లాండ్రీ బుట్టలో వేసుకెళ్ళి గరాజులో పెట్టి తాళం వేశారు. సెల్‌ఫోన్లు అప్పడాల డబ్బాలోకి పోయాయి. మా ఆయన గోల పెట్టాడు. "నాన్నా, ఇది కిడ్నాప్ కిందకి వస్తుంది. వీళ్ళు పోలీసుల్ని కాల్ చేస్తారు!"

"ఫోన్లు నా దగ్గరున్నయ్ గదరా" అన్నారు మామగారు.

సభ్యులు మాత్రం మహా సంబరపడ్డారు. చర్చి పార్టీ ఆవిడ గోంగూర పచ్చడి వట్టిగా తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ వేయించుకుంది. పుట్టగొడుగుల పార్టీకి ఏకైక సభ్యుడైన కుర్రాడు బిర్యానీ మూడుసార్లు పెట్టించుకున్నాడు. అత్తగారు వాడికి విడిగా కోడిగుడ్డు ఏరి వేశారు. వాడే మన మనిషి అని మామగారు నాతో గుసగుసలాడారు.

రానిది ఒక్కరే. పెన్షనర్ల పార్టీ ఆవిడ, స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఫోను చేస్తే, మద్దతిస్తానని మీకు ముందే మాటిచ్చాను కదా, మళ్ళీ అదే మాట చెప్పడానికి భోజనానికి ఎందుకు రావడం అంది. మామగారు ఆవిణ్ణి లెక్కలోంచి కొట్టేశారు. "క్యాంపుకి రానోళ్ళు అవతలోళ్ళే అమ్మాయ్. పోనీ. ఆమె అటు చెయ్యెత్తినా ఒక్క ఓటుతో గట్టెక్కుతాం."

బయల్దేరే వేళకి గరాజు తెరిచి బూట్లు పంచుతుంటే ఒక జత మిగిలింది. పుట్టగొడుగుల వాడు లేడు. పెరటి తలుపు తీసి ఉంది. అక్కడుండాల్సిన అత్తగారి హవాయి చెప్పులు కూడా లేవు. సందు చివర 'ముందుకు' నాయకుడి కారు మలుపు తిరగడం మా ఆయన చూశాడు. అత్తగారు వీధిలోకొచ్చి, "ఓటు పోతే పోయింది, నా చెప్పులురా!" అని తెలుగులోనే కేకేశారు.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే. మామగారు కూడా నాతో కాలేజీకి వచ్చారు. ప్రొఫెసరమ్మ మామగారిని అంతర్జాతీయ పరిశీలకుడి హోదాలో వెనక వరసలో కూర్చోనిచ్చింది. ఆయన ముఖం ఎలా పాలిపోయిందంటే, పడిపోతున్నది నేనా ఆయనా అని నాకే అనుమానం వేసింది.

ఓటింగు చేతులెత్తి. తీర్మానానికి అనుకూలంగా అందరికంటే ముందు లేచింది పుట్టగొడుగుల చెయ్యి. వాడి కాళ్ళకి అత్తగారి నీలం పట్టీల చెప్పులు, మడమలు సగం బయటికి. నాకు ఏడుపులో నవ్వొచ్చింది. తర్వాత ప్రభుత్వం వైపు చేతులెత్తమన్నారు. నా వాళ్ళంతా ఎత్తారు. గెలవడానికి ఒక్కటి తక్కువ. అప్పుడు కిటికీ పక్కన స్వెటర్ అల్లుకుంటున్న పెన్షనర్ల ఆవిడ, సూదులు ఒళ్ళో పెట్టి, చెయ్యెత్తింది.

ఒక్క ఓటుతో నెగ్గాను. ప్రొఫెసరమ్మ బల్ల ఎక్కినంత పని చేసింది. నేనైతే పెన్షనర్ల ఆవిణ్ణి వాటేసుకుని వదల్లేదు. ఆవిడ ఉక్కిరిబిక్కిరై, చెప్పాను కదమ్మా, చెప్పాను కదా అంటూనే ఉంది. పుట్టగొడుగుల వాడు తలవంచుకుని వచ్చి చెప్పులు తిరిగిచ్చి, బిర్యానీ మిగిలిందా అని అడిగాడు.

ఇంటికొచ్చాక మేమంతా గంతులేస్తుంటే మామగారు మాత్రం సోఫాలో అలాగే కూర్చున్నారు. "ఏంటి మామయ్యగారూ, గెలిచాం కదా?" అన్నాను.

"ఆమె క్యాంపుకి రాలా" అన్నారు. నా వైపు తిరిగి, "ఆమె కూడా రాలా. బస్సులో వచ్చింది" అన్నారు.

ఎవరి గురించో నాకు వెంటనే తట్టలేదు. తర్వాత తట్టింది, మామగారికి రెండో చెయ్యెత్తిన ఆవిడ. ఆ మధ్యాహ్నం దాకా నేనూ ఆవిణ్ణి తల్చుకుని నవ్వినదాన్నే.

మామగారు ఇండియాకి మాట్లాడే కాలింగ్ కార్డు గీకారు. మండలాఫీసులో పనిచేసిన పాత అటెండరుకి చేశారు, అతనిచ్చిన నంబరుకి చేశారు, అక్కడ ఇంకో నంబరిచ్చారు. చివరికి ఆవిడే ఎత్తింది. అక్కడ తెల్లవారుతోంది, వెనక కోడి కూస్తోంది. నేను స్పీకర్ నొక్కి ఫోను బల్ల మీద పెట్టాను.

"అమ్మా, నేను, పాత ప్రెసిడెంటుని. అమెరికా నుంచి."

"అయ్యో, బాగుండారా ప్రెసిడెంటు గారూ?"

"బాగున్నానమ్మా. ఒక మాట అడగాల. ఆ రోజు మీటింగులో మీరు నాకు చెయ్యెత్తారే. అది..." ఆగిపోయారు. "పొరపాటున ఎత్తారని అందరికీ చెప్పుకుంటా తిరిగానమ్మా ఇన్నేళ్ళూ."

అటునుంచి ఏ మాటా రాలేదు. లైను తెగిందేమోనని నేను ఫోను మీదికి వంగాను. తెగలేదు. ఆవిడ నవ్వుతోంది.

"చెయ్యెత్తినందుకు మా ఆయన ఆర్నెల్లు మాట్టాడలా. మీరు ఇయ్యాల మాట్టాడతన్నారు" అంది. "రెండు బస్సులు మారి వచ్చి, పొరపాటున ఎత్తుతానా అండీ?"