పూలమ్మ ఇంట పదకొండుమంది సముద్రపు చుట్టాలు

పుంగనూరుకి ఆరు మైళ్ల దూరంలో ఒక పట్టుపురుగుల షెడ్డు ఉంది. అందులోకి ప్రవేశం సంపాదించడం కంటే మంత్రిగారి గదిలోకి దూరడం సులువు. ముందు కాళ్లు బ్లీచింగు నీళ్లలో ముంచాలి, ఆ తర్వాత చేతులు. బీడీ తాగినవాళ్లు, పౌడరు పూసుకున్నవాళ్లు, తలకి వాసన నూనె రాసుకున్నవాళ్లు, ఆ పూట ఇంట్లో మిరపకాయల తిరగమోత పెట్టుకున్నవాళ్లు ఎంత దగ్గర బంధువులైనా వల తలుపుకి అవతలే నిలబడి క్షేమసమాచారాలు కనుక్కోవాలి. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన సెంటు కొట్టుకుని వచ్చారు. ఆయన తనిఖీ అంతా కిటికీలోంచే జరిగింది.

ఈ రాజ్యాంగాన్ని రచించి, తానే అమలుపరచి, దాని మీద తీర్పులు కూడా తానే చెప్పే వ్యక్తి పేరు పూలమ్మ. వయసు యాభై ఎనిమిది. చిన్నప్పటి నుంచి ఊళ్లోవాళ్ల మల్బరీ తోటల్లో ఆకు కోసే కూలికి వెళ్లింది. ఇప్పుడు సొంతానికి ఎకరంన్నర తోట, రేకుల షెడ్డు ఉన్నాయి. ఆ షెడ్డులో ముప్పై ఒక్క పంటలు తీసింది. ఒక్కటీ పోలేదు. మదనపల్లె పట్టుగూళ్ల మార్కెట్లో వేలం పాడేవాళ్లు ఆమె గూళ్లని గుప్పిట్లోకి తీసుకుని, చెవి దగ్గర ఆడించి, మర్యాదగా మళ్లీ బుట్టలోనే పెడతారు. కొడుకు మీద కోపం వస్తే వాణ్ణి పురుగా అంటుంది. పురుగుల మీద ప్రేమ వస్తే వాటిని బిడ్డలారా అంటుంది. రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది.

ఈ రాజ్యంలో పీడిత ప్రజ అంతా కలిపి ఒక్కరే. ఆయన పూలమ్మ భర్త మునస్వామి. పంట నడిచే ఇరవై అయిదు రోజులూ ఇంట్లో కరవాడు, అంటే ఎండుచేపలు, వండకూడదు. ఆ వాసన పురుగులకి పడదని పూలమ్మ సిద్ధాంతం. ఏడాదికి ఆరు పంటలు. అంటే ఏటా నూటయాభై రోజులు మునస్వామి చేపలు లేని లోకంలో, పప్పుచారు సాక్షిగా బతుకుతాడు.

పోయిన డిసెంబరులో, ముప్పై రెండో పంట పురుగులు నాలుగోసారి పొర విడిచి ఆకు మీద పడిన రోజునే, పూలమ్మ అన్న కూతురు పల్లవి కుప్పం నుంచి బస్సు దిగింది. చేతిలో మూతకి చిల్లులు పెట్టిన పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంది. డబ్బా నిండా తడి ఇసుక.

"అత్తా, పది దినాలు వీటిని నువ్వే సూసుకోవాల. నాకు హైదరాబాదులో ట్రైనింగు ఉండాది. హాస్టలు వార్డెనేమో బొద్దింకను సూస్తేనే మంచమెక్కుతాది."

"ఏం పురుగులే ఇవి? ఒక్కటీ కనపడదు."

"సముద్రం ఒడ్డున ఇసకలో ఉండేటివి. నెల్లూరు పక్క పట్టుకోనొచ్చినా. పగలంతా ఇసకలో దూరి పడుకుంటాయి, పొద్దు గూకినాక లేసి తిండికి తిరుగుతాయి."

"మీ మామ మాదిరి," అంది పూలమ్మ.

ఒడ్డున ఇసుక ఎంత ఆరిపోతే ఈ పురుగులు చోటు మారతాయో లెక్కగట్టడం పల్లవి పరిశోధన. తుపాను వచ్చి ఆ ఒడ్డునంతా కడిగేసింది. మళ్లీ పట్టుకోవాలంటే వచ్చే ఏడాదే. డబ్బాలో ఉన్నవి పదకొండు. పది రోజుల తర్వాత కనీసం ఎనిమిదైనా ప్రాణాలతో ఉంటే పరీక్ష జరుగుతుంది, లేకపోతే ఒక ఏడాది చదువు ఆ తుపానులోనే కలిసిపోయినట్టు. ఇదంతా విని పూలమ్మ తల పంకించింది. పురుగు చచ్చిపోవడం అనే మాట ఆమె షెడ్డులో అసలు వాడుకలోనే లేదు.

అప్పుడు పల్లవి సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. అందులో పసుపుపచ్చగా, సన్నగా, నలభై పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"అయ్యో, ఎంత ముద్దుగా ఉండాయి! ఇవి వాటి పిల్లలా?"

"కాదత్తా. రోజూ సాయంత్రం నాలుగు తీసి ఇసకలో వెయ్యి."

"యాలకి?"

"అవి తినేదానికి."

పూలమ్మ ఆ డబ్బా కూడా అందుకుంది. ట్రైనింగుకి వెళ్లే పిల్ల మనసు పాడుచెయ్యడం ఎందుకని బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. బస్సు మరుగయ్యాక మొగుడి వైపు తిరిగింది.

"పురుగును సాకిన సెయ్యయ్యా ఇది. పురుగును తీసకపోయి ఇంకో పురుగు నోట్లో పెట్టేదానికి ఈ సెయ్యి లేయదు."

"పిల్ల సెప్పింది గదమే."

"సెప్పనీ. నా ఇంట్లో కాదు."

గూళ్లు మదనపల్లె చేరి, అక్కణ్నుంచి పట్టు తీసేవాళ్ల వేడినీళ్లలోకి వెళ్లాక లోపలి పురుగు గతేమిటో ఆమెకి తెలియదని కాదు. మార్కెట్టు గేటుకి అవతల జరిగే విషయాల గురించి ఆమె ఆలోచించదు. ప్రతి రాజ్యాంగంలోనూ ఇలాంటి అధికరణం ఒకటి ఉంటుంది. ఆ సాయంత్రమే పసుపు పురుగులు నలభై తవుడు కుండలోకి మారాయి. ఉరిశిక్ష పడ్డవాళ్లకి క్షమాభిక్షతో పాటు వసతి భోజనం కూడా దొరకడం అరుదు.

సముద్రపు పురుగుల డబ్బాని పూలమ్మ షెడ్డు ముందుగదిలో పెట్టి, పల్లవి ఇచ్చిన సముద్రపు నీళ్లు చిలకరించి, మూత తీసి చూసింది. చలనం లేదు. ఇసుక తవ్వి చూస్తే నల్లగా నిగనిగలాడుతూ, ముందు రెండు కొడవళ్ల లాంటి దవడలతో, పదకొండూ ముడుచుకుని కూర్చున్నాయి. పూలమ్మకి వెంటనే విషయం అర్థమైంది. అంటే, తప్పుగా అర్థమైంది. పట్టుపురుగు పొర విడిచే ముందు ఒక రోజంతా తల ఎత్తి కదలకుండా కూర్చుంటుంది. దాన్నే జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగుకి ఆకు వెయ్యకూడదు, చప్పుడు చెయ్యకూడదు. అంతకంటే అనుకూలమైన జ్వరం ఆమె జన్మలో చూడలేదు. ఎవరికీ ఎవరినీ తినిపించే పని లేదు.

మర్నాడు ఫోను వచ్చింది.

"తింటాండాయా అత్తా?"

"జొరానికి కూర్చోనుండాయి మే."

"పెద్దయిపోయిన పురుగులకి జొరముండదత్తా! నాలుగు వేసినావా లేదా?"

"అన్నీ భద్రంగా ఉండాయి బిడ్డా. నువ్వు చదువుకో."

ఇది అబద్ధం కాదు. తవుడులో నలభై చాలా భద్రంగా ఉన్నాయి.

మూడో రోజు సాయంత్రం మూత తీసేసరికి ఒక పురుగు ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. పూలమ్మ వేలితో తాకితే కాళ్లు ఆడించింది. కానీ ఆ ఆడించడంలో ఓపిక లేదు. ముప్పై ఒక్క పంటల చేతికి ఆ స్పర్శ చాలు. అది జ్వరం కాదు, ఆకలి.

ఆమె మల్బరీ చిగుళ్లు ఏరి, పసిపురుగులకి తరిగినట్టు సన్నగా తరిగి చల్లింది. పదకొండూ వాటిని పట్టించుకోలేదు. లేత ఆకు వేసింది. ఒకటి దాని కింద దూరి నిద్రపోయింది. అరటిపండు పెట్టింది. చీమలు వచ్చి విందు ఆరగించి వెళ్లాయి. నాలుగు పసుపు పురుగుల కోసం తవుడు కుండ దాకా వెళ్లి, మూత మీద చెయ్యి వేసి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చింది.

మునస్వామి గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో అయిదేళ్ల ఎదురుచూపు ఉంది.

"సముద్రం పురుగు గదమే. సముద్రం కూడే తింటాదేమో."

"అంటే?"

"కరవాడు."

పూలమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖం జీవకారుణ్యంతో వెలిగిపోతోంది.

"షెడ్డు దగ్గరికి రాకూడదు. డబ్బాను ఇంటి పంచలోకి మార్సు. వాసన ఇటుపక్క వచ్చిందంటే నిన్నే ఇసకలో పూడుస్తా."

మునస్వామి బండెక్కి పుంగనూరు వెళ్లి అరగంటలో తిరిగొచ్చాడు. అంత వేగంగా ఆయన పెళ్లికి కూడా వెళ్లలేదు.

"కిలోనా? పదకొండు పురుగులకి కిలో యాలయ్యా?"

"పెద్ద సంసారం గదా."

ప్రయోగ ఫలితాలు ఇవి: ఎండి కట్టెలైన ఆ చేపల చుట్టూ పురుగులు తిరిగాయి, మీసాలతో తడిమి చూశాయి, దవడ వెయ్యలేక ఇసుకలోకి వెళ్లిపోయాయి. మిగిలినదంతా చింతపులుసులో ఉడికింది. మునస్వామి మూడుసార్లు అన్నం పెట్టించుకుని, ఆ ఆనందంలో ఆఖరిసారి పురుగుల్ని పలకరించి, డబ్బా మూత సగమే వేసి నిద్రపోయాడు.

తెల్లవారి పూలమ్మ లెక్కపెట్టింది. పది. ఇసుకంతా జల్లెడ పట్టి మళ్లీ లెక్కపెట్టింది. పది. ఆమె కళ్లు నెమ్మదిగా షెడ్డు వైపు తిరిగాయి. అక్కడ నలభై వేల పట్టుపురుగులు, మెత్తగా, తెల్లగా, దవడలంటే ఏమిటో తెలియకుండా ఆకు నములుతున్నాయి.

ఆ పూట పూలమ్మ కాళ్లు ముంచిందో లేదో చరిత్రలో లేదు. తట్టల కిందా గోడల వెంబడీ వంగి వెతుకుతూ పోయి తలుపు మూలన ఆగింది. నల్ల పురుగు అక్కడే ఉంది. దాని దవడల మధ్య తెల్లగా, బొద్దుగా ఏదో కదులుతోంది. సగం అప్పటికే లోపలికి పోయింది.

"నా బిడ్డను తినేస్తాండాదిరో!"

ఆ కేక నాలుగు ఇళ్ల అవతల ఉన్న రెడ్డెప్పకి వినపడింది. రెడ్డెప్పకీ పట్టు షెడ్డు ఉంది. అందులో శుభ్రత లేదని పూలమ్మ అయిదేళ్లుగా అతనికి పాఠాలు చెబుతోంది. అతను పరుగున వచ్చి వల తలుపు బయట నిలబడ్డాడు.

లోపల పూలమ్మ చెయ్యి పైకెత్తింది, నల్ల పురుగుకి చెప్పుతో తీర్పు చెప్పడానికి. చెప్పు గాల్లోనే ఆగింది. తెల్లగా ఉన్నది పట్టుపురుగు కాదు. దానికి తల లేదు, కాళ్లు లేవు. అది ఊజి. ఊజి ఈగ పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే పెరిగి, పట్టుపురుగుని తినేసి, బయటపడి నేల సందుల్లో దాక్కుంటుంది. పట్టు రైతుకి అంతకు మించిన శత్రువు లేదు. నల్ల పురుగు దాన్ని నమిలి ముగించి, గోడ సందులో ఇంకోదాన్ని బయటికి లాగింది.

పూలమ్మ చెప్పు పక్కన పెట్టి ఆ సందులోకి వంగి చూసింది. ఈ పురుగులు బతుకుతాయి. ఆ సంతోషం ఒక పక్క. తన షెడ్డులో, ముప్పై ఒక్క పంటల షెడ్డులో, ఊజి ఉంది. ఆ అవమానం ఇంకో పక్క. వల తలుపు మూలన చూస్తే బొటనవేలంత చిరుగు ఉంది. దానిలోంచి మునస్వామి ఫోను చార్జరు వైరు బయటికి వేలాడుతోంది. క్రికెట్ చూడటానికి చేసిన ఏర్పాటు. ఈగా ఆ దారినే వచ్చింది, నల్ల పురుగూ ఆ దారినే వచ్చింది.

"ఏమైందక్కా?" అన్నాడు బయటినుంచి రెడ్డెప్ప.

ఏమీ లేదని అనొచ్చు. అని ఉంటే పరువు నిలిచేది. కానీ ఆమె నేలంతా గాలిస్తే మొత్తం ఏడు ఊజి పిల్లలు దొరికాయి. పదకొండు ఆకలి కడుపులు, ఇంకా ఆరు రోజులు. పూలమ్మ లేచి వల తలుపు దగ్గరికి వచ్చింది.

"రెడ్డెప్పా, నీ షెడ్డులో ఊజి ఉండాదా?"

"ఉండాది. నవ్వేదానికా?"

"కాదప్పా. నాకు కావాల."

"ఊజి కావాలా? నీకా?"

"నా షెడ్డులో ఉండేటివి సాలవు."

రెడ్డెప్ప నోరు తెరుచుకుంది. "నీ షెడ్డులో... అక్కా, ఇంకోసారి సెప్పు."

"ఉండాది అంటాండా గదా. సెవుడా? సీసా తీసుకోని పోయి ఏరకరా పో."

అతను అక్కడ నవ్వలేదు. ఊరంతా తిరిగి ముప్పై మందికి ఈ మాట చెప్పి, అందరూ కలిసి నవ్వి, సాయంత్రానికి సీసాడు ఊజి పిల్లల్ని తెచ్చాడు. మర్నాడు ఇంకో నలుగురు తెచ్చారు. అయిదేళ్లుగా ఆమె పాఠాలు విన్నవాళ్లంతా తమ తమ మురికికి మొదటిసారి గిరాకీ వచ్చిందని పోటీ పడ్డారు.

మునస్వామికి మాత్రం ఒక న్యాయసూత్రం మింగుడు పడలేదు.

"ఇదీ పురుగే గదమే?"

"నా బిడ్డల కడుపులో దూరి తినేది పురుగు కాదు. ఊజి."

రాజ్యాంగ సవరణ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ రోజే ఆయన వల తలుపుకి మాటు వేశాడు, పూలమ్మ సూదికి దారం ఎక్కించి ఇస్తుంటే.

పదో రోజు పల్లవి వచ్చేసరికి షెడ్డులో పురుగులు చంద్రికలనే వెదురు చాపల మీద గూళ్లు కడుతున్నాయి. పంచలో జనం ఉన్నారు. ఆ పిల్ల డబ్బా మూత తీసింది. వేళ్లతో ఇసుక తోడుతూ ఒక్కోటీ పక్కకి పెట్టింది. ఎనిమిది దాటాక పైకే లెక్కపెట్టింది. పదకొండో దాన్ని అరచేతిలో పెట్టుకుని అత్త వైపు తిరిగింది.

"అత్తా, ఇవి పోయేటప్పుడు ఇంత లావు లేవే! ఏం పెట్టినావు?"

చెప్పారు. అందరూ ఒకేసారి చెప్పారు. పల్లవి పుస్తకం తీసి రాసుకుంటుంటే రెడ్డెప్ప తన పేరు అక్షరాలు సరిగా పడ్డాయో లేదో వంగి చూశాడు.

"అయితే నేనిచ్చిన నలభై?"

"తవుడులో ఉండాయి. వాటి జోలికి పోవద్దు."

పల్లవి అత్తని వాటేసుకుంది. బస్టాపులో చిన్న గొడవ జరిగింది. చదువుకి ఎనిమిది చాలని పిల్లే చెప్పింది కాబట్టి మిగిలిన మూడూ ఊరికి చెందుతాయని రెడ్డెప్ప వాదన. ఉప్పునీళ్ల ఇసుక లేకపోతే బతకవని పల్లవి అంటే, ఉప్పు మేమేస్తామన్నారు.

"గమ్మునుండండప్పా," అంది పూలమ్మ. "ఏమ్మే, పరీక్ష పేరు సెప్పి సంపవు గదా?"

"లేదత్తా. యా ఇసకలోకి పోతాయో సూసి, మళ్లా సముద్రం కాడే వదిలేస్తా."

"అట్లయితే పదకొండూ పోవాల. ఇంటికి పోయేటోళ్లను ఆపకూడదు."

బస్సు వచ్చింది. పల్లవి డబ్బాని ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదులుతుండగా రెడ్డెప్ప పరిగెత్తుకుంటూ వచ్చి, కిటికీలోంచి నిండు సీసా ఒకటి లోపలికి తోశాడు.

"దోవలో ఆకలైతాదమ్మా వాటికి!"

పక్క సీటావిడ సీసాలోకి తొంగి చూసి లేచి నిలబడింది. కుప్పం దాకా ఆమె నిలబడే ప్రయాణం చేసిందట.