కోడలిని ఏడిపించే దుంప

కనుమ అవతలి లోయ నుంచి మెల్చోరా మా కొండ ఊరు వాయ్రపాటకు కాపురానికి వచ్చినప్పుడు, వీపున కట్టుకున్న దుప్పటిలో బట్టల కంటే విత్తనపు బంగాళాదుంపలే ఎక్కువున్నాయి. ఏడు రకాలు. అత్త గ్రెగోరియా మూట విప్పి చూసి మూతి విరిచింది.

"మీ లోయ దుంపలు మా చలికి బతకవు పిల్లా. గోడ వారన ఏమన్నా జాగా ఉంటే నాటుకో."

మెల్చోరా గోడ వారనే నాటుకుంది. మూడేళ్ళు ఆ పంట అత్త వంటింటి గడప తొక్కలేదు. తవ్వగానే గ్రెగోరియా దాన్ని పక్కకు తీయించి, రాత్రి మంచుకు గడ్డి మీద ఆరబోయించి, పొద్దున ఎండెక్కాక కాళ్ళతో తొక్కించి, నీరంతా పిండించి చూన్యో చేయించేది. గులకరాళ్ళలా ఎండిన ఆ దుంపలు పదేళ్ళయినా చెడవు. కానీ ఏది ఏ రకమో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఇంటి దుంపలను మాత్రం గ్రెగోరియా చీకటి గదిలో, గడ్డి పరిచి, పురుగు పట్టకుండా మూన్యా ఆకు చల్లి, రకానికో కుప్పగా దాచుకునేది.

నాలుగో ఏడు ఫిబ్రవరిలో వడగళ్ళు పడ్డాయి. ఊరి చేలన్నీ నేలమట్టమయ్యాయి. గ్రెగోరియాకు రాతిగోడ చాటున ఉన్న కోడలి సాళ్ళు మాత్రమే మిగిలాయి.

దుంపలు తవ్వే రోజున పొరుగువాళ్ళం మేమూ వెళ్ళాం. మట్టిగడ్డలతో పొయ్యి పేర్చి, అవి ఎర్రబడ్డాక దుంపలు లోపల వేసి, పొయ్యిని వాటి మీదికే కూల్చేశాం. గంట తర్వాత తవ్వితే గ్రెగోరియా చేతికి గుంటలు గుంటలుగా, వంకర టింకరగా ఉన్న దుంప ఒకటి వచ్చింది. విరిచింది. లోపల ఊదారంగు వలయం. ఒక ముక్క తిని, నమలడం ఆపింది.

"మీ ఊళ్ళో దీన్నేమంటారు?"

"పూమా పాదం అంటాం అత్తా, కొండపులి పాదంలా ఉంటుందని."

"పాదమూ లేదు, గోరూ లేదు! ఇది కోడలిని ఏడిపించేది. నన్ను ఏడిపించింది."

ముసలివాళ్ళంతా దగ్గరికి జరిగారు. పూర్వం కొత్త కోడలి చేతికి ఈ పచ్చి దుంపా, ఒక కత్తీ ఇచ్చి చెక్కమనేవారు. గుంటల్లోని తొక్క తీయబోతే సగం దుంప తొక్కతోనే పోయేది. పనిమంతురాలో కాదో అక్కడే తేల్చేసేవారు. గ్రెగోరియా చెక్కితే చివరికి గోలీకాయంత మిగిలిందట. తర్వాత ఒక కరువులో మా ఊళ్ళో దీని విత్తనం అంతరించింది.

"పోయిందని లోపల్లోపల సంతోషించా," అంది గ్రెగోరియా. "ఏదీ, పచ్చిదొకటి నువ్వు చెక్కు, చూస్తా."

మెల్చోరా కత్తి అందుకోలేదు.

"మా ఊళ్ళో దీన్నెవరూ చెక్కరత్తా. తొక్కతోనే ఉడకబెడతాం. ఉడికాక వేలితో నొక్కితే అదే ఊడొస్తుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. గ్రెగోరియా నవ్వలేదు. పొయ్యిలోంచి ఇంకో దుంప తీసుకుని తొక్కను వేలితో నొక్కి చూసింది. నిజంగానే ఊడొచ్చింది.

"ఇన్నేళ్ళూ ఈ మాట ఒక్కరికీ తట్టలేదా!" అంది.

ఆ వారంలో అత్తలందరూ విత్తనం కోసం మెల్చోరా గుమ్మం ముందు నిలబడ్డారు. కోడళ్ళం వెనక దారిన వెళ్ళాం.

"అక్కా, దాని పీడ విరగడైందనుకుంటే మళ్ళీ మోసుకొచ్చావా! ఇవ్వకే, నీకు దణ్ణం పెడతా," అన్నాన్నేను.

"తినేదాన్ని దాచుకుంటారా? చెక్కమంటే ఉడకబెట్టి పెట్టు," అంది మెల్చోరా.

అడిగిన ప్రతి ఇంటికీ ఇచ్చింది. మా అత్త మటుకు పచ్చిదే చేతిలో పెట్టి చెక్కించింది. నేనూ ఏడ్చాను.

తర్వాత వ్యవసాయ శాఖ మనిషి రకాల జాబితా రాసుకోవడానికి వస్తే, ఈ ఒక్క దుంపకే ఎగువ ఇళ్ళవాళ్ళు ఒక పేరు, దిగువ ఇళ్ళవాళ్ళు మరో పేరు చెప్పారు. రెండు రకాలని రాసుకుని వెళ్ళాడు. మెల్చోరా సరిదిద్దబోతే గ్రెగోరియా అడ్డుకుంది.

"రాసుకోనీ. ఊరికి ఒక దుంప ఎక్కువున్నట్టే కదా."

మెల్చోరా పోయి రెండేళ్ళవుతోంది. పట్నం సంతలో ఈ దుంపను కొనేవారు లేరు, వాళ్ళకు నున్నటివి కావాలి. మేం మా తిండికే పండించుకుంటున్నాం.