ఇద్దరూ ఒకటే అనుకున్న గులాబ్‌బీ

ప్రొద్దుటూరులో జాకెట్లు కుట్టే గులాబ్‌బీకి వీధిలో ఆడవాళ్ల కొలతలన్నీ నోటికి వచ్చు. కన్న కొడుకులిద్దరినీ మాత్రం ఒకే కొలతకు కత్తిరించింది. ఈ మాట ఇంకెవరో అన్నది కాదు. తనను తాను తిట్టుకుంటూ ఆమే అంటుంది.

ఇంటికి చుట్టాలొస్తే చాలు, పెద్దవాడు షహబాజ్, చిన్నవాడు నయీం చెరో గదిలో దూరి తలుపేసుకునేవాళ్లు. నిఖాలకు రారు, పండక్కి ఎవరి గడపా తొక్కరు. మొగుడు కమాల్ బాషా కువైట్‌లో పోయాక ఇంటి పెత్తనమంతా ఆమెదే. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని, షహబాజ్ వద్దు వద్దంటున్నా వినకుండా జమ్మలమడుగు పిల్ల నాజియాను తెచ్చి పెళ్లి చేసింది. షహబాజ్ కొట్టలేదు, తిట్టలేదు. ఆ పిల్ల ఇంట్లో ఉందన్న ధ్యాసే అతనికి లేదు. ఏడాదిన్నర చూసి నాజియా పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. పోతూ పోతూ అత్తను ఒక్క మాటా అనలేదు. గులాబ్‌బీకి అదే ఎక్కువ కాలింది.

ఆ మంట ఆరకముందే పులివెందుల నుంచి ఇరమ్ అనే పిల్ల తరఫువాళ్లు నయీంను అడగడానికి వచ్చారు. వీడూ వాడిలాంటివాడే, ఇంకో పిల్ల గొంతు కోయలేనని చెప్పి, టీ ఇచ్చి పంపేసింది. పుణ్యం చేశాననుకుంది.

నాలుగేళ్ల తర్వాత బంధువుల పోరు పడలేక ఇద్దరినీ మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకుపోయింది. ఇద్దరిదీ ఒకే జబ్బని తల్లి నమ్మకం. డాక్టరమ్మ కొడుకులతో విడివిడిగా నాలుగైదుసార్లు మాట్లాడి, తల్లిని ఒక్కటే అడిగింది, చుట్టాలొచ్చినప్పుడు గదిలో వాళ్లేం చేస్తుంటారని. ప్లేట్లకని లోపలికి పోయినప్పుడల్లా గులాబ్‌బీ చూసిందే. షహబాజ్ మోటారుకు తీగ చుట్టుకుంటూ ఉంటాడు, ఎవరొచ్చారో కూడా పట్టదు. నయీం ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని, మంచం అంచున కూర్చుని బయటి మాటలు వింటుంటాడు. అదే డాక్టరమ్మకు చెప్పింది.

"పెద్దబ్బాయికి మనుషులు అక్కర్లేదమ్మా. దాన్ని స్కిజాయిడ్ అంటాం. చిన్నబ్బాయికి మనుషులు కావాలి, కానీ తనను చూసి నవ్వుతారేమోనని భయం. అది అవాయిడెంట్. పైకి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి."

ఆ భయం పోగొట్టే దారి ఉందని, ముందే తీసుకొచ్చి ఉంటే బాగుండేదని కూడా డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికొచ్చి గులాబ్‌బీ నయీం పక్కన కూర్చుంది. "ఇరమ్‌కు పెండ్లయిపాయనంట. ఇంకో సంబంధం చూస్తా బేటా" అంది.

నయీం అత్తరు సీసా మూత బిగించి పక్కన పెట్టాడు.

"వాళ్లొచ్చిన పొద్దు నువ్వొక్క మాట పిలిచింటే బయటికి వస్తాంటి అమ్మీ. శానాసేపు చూస్తి. వద్దన్న అన్నకేమో పెండ్లి చేస్తివి. నన్ను అడగనే లేదు."