తిరగబడ్డ రైలింజన్

ఇవాళ మన గ్రూపులో ఎవరో పాత బొగ్గు ఇంజన్ ఫోటో పెట్టి, ఏ ఇంజనో చెప్పమన్నారు. నాకో పాత తప్పు గుర్తొచ్చింది.

ఫోటోలు కడిగే హైపో మందు వాసన గుర్తుందా నేస్తాలూ? ఎనభైల్లో మా నాన్న ఫిల్మ్ నగర్‌లో స్టిల్ ఫోటోగ్రాఫర్. మా బాత్రూమే డార్క్‌రూమ్. సినిమా సెట్ కోసం వచ్చిన ఇంజన్ నెగటివ్‌ని, ఆయన లేనప్పుడు నేనే ప్రింటు వేశాను.

ఆ ఫోటో చూసి సెట్ వాళ్లు చెక్క ఇంజన్ సగం కట్టేశాక, అది సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి రిటైరైన రైలు డ్రైవర్ ఒకాయన వచ్చాడు.

"ఇదేంది సార్, అంతా ఉల్టా ఉన్నది! డ్రైవర్ నిలవడేది గీ దిక్కు కాదు."

ప్రింటు వేసేటప్పుడు నెగటివ్ తిరగబడిందని నాన్నకి అర్థమైంది. ఇంటికొచ్చి, "ఎవరు వేశారే ఆ ప్రింటు?" అన్నాడు.

"నువ్వే కదా నాన్నా."

నమ్మేశాడు. ఆ తర్వాత ప్రతి నెగటివ్‌నీ బల్బుకెత్తి మూడుసార్లు చూసుకుని, "సరిగ్గానే ఉందా అమ్మా?" అని నన్నే అడిగేవాడు.