సిమెంటు లేని గోడ

తొంభైల్లో బహ్రెయిన్‌లో, సఖీర్‌లో పని ముగిశాక రెండు క్యాంపుల కూలీలను తిరిగి దింపే బస్సులో, రెండో క్యాంపు కూలీ ఒకతను నా పక్కన కూర్చున్నాడు. నా చేతిలోని పాత పత్రికలో, పెరూ దేశంలో పూర్వం ‘ఇంకా’ అనే జాతివాళ్లు కట్టిన రాతిగోడ ఫొటో ఉంది. చూస్తూనే దాన్ని లాక్కున్నంత పని చేశాడు.

"సిమెంటే లేదన్నా! రాయి పెట్టాలె, ఏడ తాకుతుందో చూడాలె, లేపి ఆడనే చెక్కాలె, మళ్ల పెట్టాలె. ఒక్కో రాయికి ఎన్ని దినాలు పట్టిందో!"

కరీంనగర్ దిక్కు రాళ్లు చెక్కేవాడట.

ముందు సీట్లోంచి వాళ్ల మేస్త్రీ వెనక్కి తిరిగాడు. "మొన్న తోటగోడ గిట్లనే కట్టిండు వీడు. నాలుగు దినాలకు రెండు గజాలు! సందుల బ్లేడు గూడ దూరలే. వీనికే సమ్మెట ఇచ్చి కూలగొట్టిచ్చిన. ఏడ్చుకుంట కొట్టిండు!"

బస్సంతా నవ్వింది. అతను నావైపు చూశాడు. ఆ మేస్త్రీతో నాకు పని లేదు, భయమూ లేదు. అయినా నేనూ నవ్వాను.

పత్రికను నలగకుండా నా ఒళ్లో పెట్టి, లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. వాళ్ల క్యాంపు చాలా దూరముంది. ఖాళీ అయిన సీట్లో నేను నా సంచి పెట్టుకున్నాను.